రాతి గోడల ఇంట్లో రెండో రౌటర్: ఏళ్ల వాడకం తర్వాత

మాది కడపలో పాతకాలపు రాతి గోడల ఇల్లు. ముందు గదిలో ఫైబర్ పెట్టె (అదే మా కింది రౌటర్), మిద్దె మీద పిల్లలు చదువుకునే గది. నడుమ రెండు మందపాటి గోడలు, ఒక స్లాబు. పైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ జాడే ఉండదు. 2.4 మాత్రం ఒక్క గీత చూపించి ఊరిస్తుంది.

మొదట రిపీటర్ వాడాం, అంటే వైఫై సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే పెట్టె. వైరు అక్కర్లేదు, అదొక్కటే దాని గొప్ప. ఒకే రేడియోతో అందుకోవడం, పంచడం రెండూ చేయాలి కనుక వేగం సగానికి పడిపోతుంది. ఫోనులో గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం కదలదు. దాన్ని పక్కన పడేసి, అటక మీది పాత రౌటర్ దింపాం. నేలంతా కడప బండలు పరిచి ఉంది కాబట్టి క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్‌ను మెట్ల గోడ వెంట పైకి లాగించాం. అప్పటి నుంచి అదే నడుస్తోంది.

లాగిన కుర్రాడు కేబుల్‌ను పై రౌటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే పోర్టు) పెట్టి వెళ్లిపోయాడు. నెట్ వచ్చింది కానీ, పై గది ల్యాప్‌టాప్‌కు కింది ప్రింటర్ కనబడలేదు. మిద్దెకు వేరు కాపురం పెట్టినట్టు రెండో నెట్‌వర్క్ తయారైంది మరి. కింది రౌటర్‌ది 192.168.1.1 కనుక పై రౌటర్ చిరునామాను 192.168.1.2కు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, ఆ తర్వాతే కేబుల్‌ను లాన్ పోర్టులోకి (ఇంట్లో పరికరాలను కలిపే పోర్టు) మార్చాను. ఈ వరుస తప్పకూడదు. చిరునామాలు పంచే పెత్తనం ఇంట్లో ఒక్క రౌటర్‌కే ఉండాలి. అది పంచే చిరునామాల్లో ఆ 192.168.1.2 లేకుండా చూసుకోవాలి. ప్రింటర్ వెంటనే పలికింది. కొత్త రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని నొక్కితే ఇదంతా అదే చేసుకుంటుంది.

రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. 2.4లో కిందిది 1వ ఛానెల్, పైది 11. అయినా ఒక చికాకు తీరలేదు: మెట్లెక్కి పైకి వెళ్లినా ఫోను కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో తేల్చేది ఫోనే. కింది రౌటర్ సిగ్నల్ బలం కాస్త తగ్గిస్తే కొంత నయమైంది. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి; మా ప్లానూ అంతే కనుక ఇబ్బంది లేదు. అంతకు మించిన ప్లాన్ ఉన్నవారు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్నదే తీసుకోవాలి.

కేబుల్‌కు దారి లేని అద్దె ఇళ్లకు మెష్ (వైరు లేకుండా ఒకదానితో ఒకటి కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే రౌటర్ల జట్టు) కొనడమే మేలు, ఖర్చు ఎక్కువైనా.

కరెంటు పోతే కింది పెట్టె చిన్న యూపీఎస్ మీద నడుస్తుంది, పైది ఆరిపోతుంది. దానికీ ఒకటి కొనాలి. కిందిది 12 వోల్టులు, పైది 9. అడాప్టర్ మీది అంకె చూడకుండా కొంటే రౌటర్ కాలిపోవచ్చు.