లెట్రోజోలా, క్లోమిఫీనా, ఇంజెక్షన్లా: ఏది మేలు?

పిల్లల కోసం ఎదురుచూస్తున్న మా చెల్లెలికి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందని డాక్టరమ్మ లెట్రోజోల్ రాశారు. ఇంటికొచ్చి ఫోన్‌లో చూస్తే 'రొమ్ము క్యాన్సర్ మందు' అని కనిపించింది. ఆ టెన్షన్‌తో మాత్ర వేసుకోవడానికే రెండు రోజులు జంకింది.

క్యాన్సర్‌కు వాడే మాట నిజమే. ఈ మందు ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని తగ్గిస్తుంది. అది తగ్గేసరికి మెదడు నుంచి ఎఫ్ఎస్‌హెచ్ అనే, అండాన్ని పెంచే హార్మోన్ ఎక్కువగా విడుదలై అండం పెరుగుతుంది. ఇక్కడ వేసుకునేది నెలకు ఐదు రోజులే. అండం కోసమే ఇచ్చే మరో మాత్ర క్లోమిఫీన్ ఈస్ట్రోజెన్‌ను తగ్గించదు, ఈస్ట్రోజెన్ ఉన్న సంగతి మెదడుకు తెలియకుండా అడ్డుపడుతుంది. చిక్కేమిటంటే, ఆ అడ్డు గర్భాశయం లోపలి పొర మీద కూడా పడి, కొందరిలో పొర పలచబడుతుంది. పైగా ఆ మందు ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది.

2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మందికి ఐదు నెలసరుల వరకు ఈ రెండిట్లో ఒకటి ఇచ్చి చూశారు. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అందుకే పీసీఓఎస్ అయితే నా ఓటు లెట్రోజోల్‌కే. మన దేశంలో 2011లో సంతాన చికిత్సకు దీన్ని నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆనాటి భయం ఇంకా చాలామందిలో ఉంది.

కారణం తెలియని సంతానలేమి అయితే లెక్క మారుతుంది. 2015లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలో 900 జంటలకు ఐయూఐతో (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి) పాటు మందులిచ్చారు. అక్కడ బిడ్డ పుట్టినవారు లెట్రోజోల్‌తో 18.7, క్లోమిఫీన్‌తో 23.3, హార్మోన్ ఇంజెక్షన్లతో 32.2 శాతం. ఇంజెక్షన్లే గెలిచాయనిపిస్తుంది కదా? కానీ వాటితో వచ్చిన గర్భాల్లో దాదాపు మూడో వంతు కవలలో, ముగ్గురో. నెలలు నిండకముందే పుట్టిన పసికందులను ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టి బయట కూర్చునే తల్లిదండ్రుల బాధ చిన్నది కాదు. ఖర్చూ ఎక్కువే, అండాశయాలు వాచి పొట్టలో నీరు చేరే ప్రమాదమూ ఉంది. మాత్రలతో ఫలితం రానప్పుడు, తరచూ స్కానింగ్ చేస్తూ ఇచ్చేచోటే ఇంజెక్షన్ల దాకా వెళ్లడం మంచిదంటాను.

ఏ మందు మొదలుపెట్టినా దానికి ముందే భర్తకు వీర్య పరీక్ష చేయించండి. మా ఇంట్లో ఆ మాట ఎత్తడానికే ఏడాది పట్టింది. అప్పటిదాకా మందులూ మాటలూ రెండూ చెల్లెలే మింగింది.