సాంగ్ ఫర్ చార్లీ: టీనేజ్ పిల్లలున్న తెలుగు ఇళ్లకు (5కి 4.5)

మేం ఉండేది కాలిఫోర్నియా బే ఏరియాలో. మావాడు పదో గ్రేడ్. రెండు వారాలుగా రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని, నకిలీ మాత్రల ప్రమాదం గురించి చెప్పే సాంగ్ ఫర్ చార్లీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు తల్లిదండ్రుల కోసం, పిల్లల కోసం చేసిన వీడియోలు, గైడ్లు చూస్తున్నాను. కొన్ని వాడితో కలిసి చూశాను. అంతా ఉచితమే.

దీన్ని మొదలుపెట్టింది ఎడ్ టెర్నన్, మేరీ టెర్నన్ అనే దంపతులు. వాళ్లబ్బాయి చార్లీ శాంటా క్లారా యూనివర్సిటీలో చదివేవాడు, మాకు అరగంట దూరం. 2020 మేలో, ఇంకొన్ని వారాల్లో డిగ్రీ చేతికొస్తుందనగా, పెర్కోసెట్ అనే నొప్పుల మందు అనుకుని ఒక మాత్ర వేసుకున్నాడు. స్నాప్‌చాట్‌లో దొరికిన మనిషి దగ్గర కొన్నది. అది పెర్కోసెట్ కాదు, ఫెంటానిల్ అనే చాలా తీవ్రమైన మత్తుమందుతో చేసిన నకిలీ మాత్ర. అదే ప్రాణం తీసింది. అబ్బాయికి 22 ఏళ్లు. ఆ దుఃఖంలోనే ఆ అమ్మానాన్నలు ఈ పని మొదలుపెట్టారు, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని.

నేనెందుకు కదిలిపోయానో చెప్తాను. డ్రగ్స్ అనగానే మనకి సూదులు, పొగ, చెడు సావాసాలు గుర్తొస్తాయి, మా పిల్లలు అలాంటివాళ్లు కాదని ధైర్యంగా ఉంటాం. కానీ మాత్ర అంటే మనకి భయమే లేదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ పక్కన మందుల సంచి ఒకటి వస్తుంది కదా, డోలో, సిట్రిజిన్, కిందటిసారి మిగిలిపోయిన యాంటీబయాటిక్స్. పాట్‌లక్‌లో ఎవరైనా నడుం పట్టేసిందంటే నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది వేసుకోండి అని ఇచ్చేస్తాం. నేను ఎన్నిసార్లు ఇచ్చానో. పిల్లలు ఇదంతా చూస్తూ పెరిగారు, మరి రేపు క్లాస్‌మేట్ ఒకడు తలనొప్పికి ఇది వేసుకో అంటే వాళ్లకి అనుమానం ఎందుకొస్తుంది? వీళ్ల వీడియోలు చూస్తున్నంతసేపూ ఆ సంచే కళ్లముందు ఉంది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, భయపెట్టి వదిలేయరు, సంగతి వివరంగా చెప్తారు. ఈ మాత్రల్ని దొంగచాటుగా మెషీన్ల మీద ఒత్తుతారు, ఆక్సీకోడోన్ అనే అసలు నొప్పి మాత్ర మీద ఉండే 'ఎం', '30' అచ్చులు, ఆ నీలం రంగు, అన్నీ దించేస్తారు, కంటితో చూసి ఎవరూ కనిపెట్టలేరు. రెండు మిల్లీగ్రాముల ఫెంటానిల్, అంటే పది పదిహేను ఉప్పు రవ్వలంత, ప్రాణం తీయడానికి చాలు. పైగా మందు సమానంగా కలవదు. మా అత్తగారికి ఇలా చెప్పాను, "అత్తయ్యా, పులిహోర సరిగ్గా కలపకపోతే ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద ఉప్పు కషాయంలా ఉంటుంది కదండీ, ఇదీ అంతే, ఒకే సంచిలో మాత్రలైనా ఒకడు బతుకుతాడు, ఒకడు పోతాడు." ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అమెరికా డ్రగ్స్ నిఘా సంస్థ డీఈఏ ల్యాబ్‌లో పరీక్షిస్తే, 2023లో ఫెంటానిల్ ఉన్న నకిలీ మాత్రల్లో ప్రతి 10కి 7, 2024లో ప్రతి 10కి 5, ప్రాణం తీసేంత మోతాదుతో ఉన్నాయి. తగ్గింది, నిజమే. కానీ పదిలో అయిదు అంటే నాకు ధైర్యం రావడం లేదు.

వీడియో చూశాక మావాడు అన్నాడు, "అమ్మా, ఫెంటానిల్ గురించి మాకు తెలుసు, కానీ ఆడెరాల్ కూడా ఫేక్‌ది వస్తుందని తెలీదు." ఆడెరాల్ అంటే ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకి డాక్టర్లు రాసే మాత్ర. ఫైనల్స్ ముందు పిల్లలు ఒకళ్లనొకళ్లు అడుగుతారట, ఉందా అని. ఎవరు అని నోటిదాకా వచ్చింది, అడిగితే మళ్లీ నోరు విప్పడని ఊరుకున్నాను. పదిహేనేళ్లలో వాడు నాతో ఇలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు, ఆ ఒక్క మాటకే ఈ రెండు వారాలూ సరిపోయాయి. స్కూల్ నుంచి కూడా దీని గురించి ఒకసారి ఈమెయిల్ వచ్చింది, ఒక్కటే, పైగా లంచ్ మెనూ కింద ఎక్కడో. నేను చదవలేదు, ఎంతమంది చదివారో అనుమానమే.

అర పాయింట్ ఎందుకు తగ్గించానంటే, తెలుగులో లేదు. మన ఇళ్లలో స్కూల్ నుంచి వచ్చేసరికి పిల్లలకి ఎదురయ్యేది చాలాసార్లు అమ్మమ్మో నానమ్మో, వాళ్లకి ఇది ఎలా అందుతుంది? ఇంకోటి, ఒత్తిడి తట్టుకోలేక పిల్లలు మాత్రల వైపు వెళ్తారని చక్కగా చెప్పారు గానీ, 92 వస్తే మిగతా 8 ఏవి అని అడిగే ఇళ్ల సంగతి అందులో లేదు. అది మనమే కలుపుకోవాలి.

ఇది చూశాకే నార్కాన్ కొన్నాను. ఫెంటానిల్ లాంటి మందుల ఓవర్‌డోస్‌కి విరుగుడుగా ముక్కులో కొట్టే స్ప్రే, 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా ఫార్మసీలో ఇస్తున్నారు, రెండు డోసులు సుమారు 45 డాలర్లు. మనిషి లేపినా లేవకుండా, గురగురమంటూ, పెదాలు నీలంగా మారితే నిద్ర అనుకోవద్దు, 911కి ఫోన్ చేసి స్ప్రే కొట్టాలి. ఒంట్లో ఫెంటానిల్ లేకపోయినా స్ప్రే వల్ల హాని ఉండదు. 2019 జూలై నుంచి 2021 డిసెంబర్ దాకా ఓవర్‌డోస్‌తో చనిపోయిన 10–19 ఏళ్ల పిల్లల వివరాల్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశీలిస్తే, మూడింట రెండొంతుల మంది విషయంలో దగ్గరలో ఎవరో ఒకరు ఉన్నారు. ఆ లైన్ దగ్గర ఆపేసి, లేచి వెళ్లి మావాడి గది తలుపు తీసి చూసి వచ్చాను.

మొదలుపెట్టేవాళ్లు ముందు పెద్దవాళ్లే రెండు మూడు రోజులు చూడండి, తర్వాత పిల్లల్ని పిలవండి. మేం కార్లో మాట్లాడుకున్నాం, ఎదురెదురుగా కూర్చోకపోవడం వాడికి తేలికైంది. నార్కాన్ డబ్బా మందుల సంచి పక్కనే పెట్టాను, ఎక్కడుందో మావాడికి, అత్తయ్యకి చూపించాను. ఆ సంచిలోంచి ఇప్పుడు ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు.