సున్నా కౌంట్‌కు ‘స్టెమ్ సెల్ జీన్ ప్యాకేజీ’ అంటున్నారా? డబ్బు కట్టొద్దు: తిరుపతి, చిత్తూరు వాళ్లకు హెచ్చరిక

పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న మగవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు ఇది పూర్తిగా చదవండి. వీర్యంలో కణాలే లేవని తేలినవాళ్లకు మన తిరుపతిలో ఒక సెంటర్‌వాళ్లు ‘స్టెమ్ సెల్ జీన్ ప్యాకేజీ’ అంటగడుతున్నారు. మొదట రక్తం తీసి ఒక జన్యు పరీక్ష చేస్తారు. తర్వాత తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, విడతలుగా వృషణంలోకి ఇంజెక్షన్ ఇస్తారు. ఇంటికి పంపేటప్పుడు క్యాప్సూళ్ల డబ్బా చేతిలో పెడతారు. మొత్తం ముందే కట్టాలి. బిల్లులో మాత్రం ‘ప్రొసీజర్ ఛార్జీలు’ అన్న ఒక్క లైనే ఉంటుంది. చేయించుకున్నవాళ్లకు కౌంట్ సున్నా దగ్గరే ఆగింది, వాపూ నొప్పీ మిగిలాయి, కట్టిన సొమ్ము తిరిగి రాలేదు.

అసలు మోసం ఆ మొదటి రిపోర్టులోనే ఉంది. ‘ఓసీటీ4 పాజిటివ్, నానోగ్ పాజిటివ్’ అని రాసి, పక్కన పచ్చ టిక్కు పెట్టి, ‘మీ మూలకణాలు (స్టెమ్ సెల్స్) బతికే ఉన్నాయి, వాటిని లేపితే చాలు’ అని చెబుతారు. నిజం దీనికి పూర్తిగా ఉల్టా. ఓసీటీ4, నానోగ్ అనేవి పిండం తొలిదశలో కణాలు ఇంకా ఏ అవయవంగానూ మారకుండా ఉంచే జన్యువులు. కడుపులో ఉన్న మగబిడ్డ బీజకణాల్లోనూ ఓసీటీ4 పనిచేస్తుంది, పసితనంలోనే ఆగిపోతుంది. పెద్దవాడి వృషణం ముక్కలో పాథాలజిస్టుకు అది స్పష్టంగా కనబడితే సంతోషించరు, క్యాన్సర్ తొలిదశ ఉందేమోనని వెతుకుతారు. సెమినోమా, ఎంబ్రియోనల్ కార్సినోమా అనే వృషణ క్యాన్సర్లను గుర్తించడానికి బయాప్సీ ముక్కకు ఓసీటీ4 పరీక్ష చేసేది అందుకే. అంటే ఆ పచ్చ టిక్కు వృషణం గురించి నిజమే అయితే భయపడాల్సిన మాట.

కానీ అది నిజం కాదు కూడా. మన జన్యుపదార్థంలో ఓసీటీ4ను అచ్చుగుద్దినట్టు పోలిన పనిచేయని నకళ్లు చాలా ఉన్నాయి. జాగ్రత్తగా రూపొందించని పీసీఆర్ (జన్యువును వెతికి పట్టే) పరీక్ష అసలుకూ నకలుకూ తేడా పట్టలేదు, రక్తంలో ఎవరికైనా పాజిటివ్ చూపించగలదు. రక్తంలో ఏం కనబడ్డా, వృషణంలో మూలకణాలు ఉన్నాయో లేవో అది చెప్పదు.

వృషణంలో నిజంగా ఉండే మూలకణాలు వేరు. వీర్యనాళికల గోడను అంటిపెట్టుకుని ఉంటాయి, జీఎఫ్ఆర్ఏ1, పీఎల్‌జడ్ఎఫ్, ఐడీ4 వంటి జన్యువులతో వాటిని గుర్తిస్తారు. పక్కనున్న సెర్టోలి కణాలు పంపే జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ చెప్పినట్టు అవి నడుచుకుంటాయి. కొన్ని మూలకణాలుగానే మిగలాలి, కొన్ని వీర్యకణాలుగా మారాలి. చెనక్కాయలన్నీ అమ్మేస్తే విత్తనానికి మిగలవు, అన్నీ విత్తనానికే దాస్తే ఇంట్లోకి గింజ రాదు కదా, అలాంటి లెక్కే ఇది. 2000లో ఎలుకల మీద దీన్ని స్పష్టంగా చూపించారు. జీడీఎన్ఎఫ్ తగ్గితే మూలకణాలు అడుగంటాయి. మరీ ఎక్కువైతే మూలకణాలు గుట్టలుగా పేరుకుని, వీర్యకణాలు తయారవక, సంతానం కలగలేదు. అలాంటి ఎలుకలకు వయసు మీదపడ్డాక వృషణాల్లో కణితులు వచ్చాయని 2001లో తేలింది. మూలకణాలను ‘లేపడం’ అంత తేలికైన మాట కాదని ఇందుకే అంటున్నాం. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా మామూలు కణాలను మూలకణాలుగా మార్చడానికి వాడిన నాలుగు జన్యువుల్లో ఒకటైన సీ-మిక్ కూడా పేరుమోసిన క్యాన్సర్ జన్యువే.

ఇక మజ్జ సంగతి. ఎముక మజ్జ కణాలు రక్తాన్ని తయారుచేస్తాయి. వాటిని తెచ్చి వృషణంలో పోసినంత మాత్రాన వీర్యకణాలు కావు. 1994లో అమెరికా శాస్త్రవేత్త బ్రిన్‌స్టర్ బృందం మార్పిడి చేసి వీర్యకణాలు పుట్టించింది ఎలుకల్లో, అదీ ఇంకో ఎలుక వృషణంలోని మూలకణాలతో. మనుషుల్లో అది ఇంకా పరిశోధన దశే. డబ్బాలోని క్యాప్సూళ్లలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు.

మరో ప్రమాదం ఎవరూ చెప్పడం లేదు. కౌంట్ సరిగా లేని మగవాళ్లలో, చిన్నప్పుడు వృషణం కిందికి దిగనివాళ్లలో వృషణ క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. లోపల గడ్డ ఉందో లేదో చూడకుండా వృషణాల సంచిలోంచి సూది గుచ్చితే క్యాన్సర్ కణాలు పాకే దారి మారిపోవచ్చు. అందుకే అనుమానం ఉన్న వృషణాన్ని సర్జన్లు సంచి కోసి తీయరు, గజ్జ దగ్గర కోసి తీస్తారు. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే ఇంజెక్షన్ మాట పక్కనపెట్టి స్క్రోటల్ అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్త పరీక్షలు చేయించండి. స్విమ్స్ ఉంది, అలిపిరి వైపు టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. క్యాన్సర్ అని తేలినా సిస్‌ప్లాటిన్ వంటి కీమో మొదలుకాక ముందే వీర్యం దాచిపెట్టుకోవడం గురించి డాక్టర్‌ను మీరే అడగండి. ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది.

కౌంట్ సున్నా అని ఒక్క రిపోర్టు వస్తే నమ్మేయకండి. 2 నుంచి 7 రోజులు వీర్యం పోకుండా ఉండి శాంపిల్ ఇవ్వాలి, ల్యాబ్‌వాళ్లు దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున దిగిన దాన్ని మైక్రోస్కోప్‌లో చూడాలి. అలా చూశారా అని అడగండి. వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, గట్టి జ్వరం వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలాగి మళ్లీ చేయించుకోవాలి. రెండోసారీ సున్నా వస్తే ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ల పరీక్షలు, క్రోమోజోములను చూసే క్యారియోటైప్, వై క్రోమోజోమ్ లోపాల పరీక్ష చేయించాలి. వై క్రోమోజోమ్‌లో వీర్యకణాల తయారీకి కావాల్సిన భాగాలైన ఏజడ్ఎఫ్-ఏ గానీ ఏజడ్ఎఫ్-బి గానీ పూర్తిగా లేకపోతే ఆపరేషన్ చేసినా కణాలు దొరకవు. ఏజడ్ఎఫ్-సి ఒక్కటే లేనివాళ్లలో సుమారు సగం మందికి మైక్రో టీసేలో (మైక్రోస్కోప్‌తో వృషణంలో వెతికే ఆపరేషన్‌లో) దొరుకుతాయి, వాటితో ఇక్సీ (ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం) చేస్తారు. దారి ఎక్కడో మూసుకుపోయి సున్నా వచ్చినవాళ్ల కథ వేరు, లోపల తయారీ బాగానే ఉంటుంది. ‘బలం కోసం’ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోకండి, అది ఉన్న తయారీని కూడా ఆపేస్తుంది.

కాగితాల విషయం. కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఐసీఎంఆర్, డీబీటీ 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో కొన్ని రక్తవ్యాధులు, క్యాన్సర్లు వంటి వాటికి చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్ అని చెప్పి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ (దేశంలో క్లినికల్ ట్రయళ్లు నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం, తెలుగులో సమ్మతి పత్రం చూపించమనండి. ఆ నంబరును సీటీఆర్ఐ సైటులో మీరే కొట్టి, ఆ ఊరు, ఆ ఆసుపత్రి, ఆ జబ్బు అందులో ఉన్నాయా చూడండి. వేరే దేనికో ఇచ్చిన నంబరు చూపించే అవకాశం ఉంది.

ఇప్పటికే కట్టినవాళ్లు కేస్ షీటు, రిపోర్టులు, ఇంజెక్షన్ వివరాలు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలన్నది వైద్య నియమం. నగదు కట్టి రసీదు లేకపోతే వాట్సాప్ మెసేజులైనా దాచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా కేసు వేయొచ్చు, 5 లక్షల వరకు అక్కడ ఫీజు లేదు. డాక్టర్ మీద ఫిర్యాదు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు పంపాలి. ఇంజెక్షన్ వేయించుకున్న చోట ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా ఆ సెంటర్‌కే మళ్లీ వెళ్లకండి, ఆ రోజే రుయా ఎమర్జెన్సీకో, దగ్గరలోని యూరాలజిస్టు దగ్గరికో వెళ్లి ఏం ఎక్కించారో దాచకుండా చెప్పండి.