డాన్యూబ్ ఒడ్డున రెండుసార్లు: ఒకసారి ఇద్దరం, ఒకసారి నలుగురం

పసావ్‌లో సైకిళ్లు అద్దెకు తీసుకుని వంద గజాలు కూడా పోలేదు, మా పెద్దమ్మాయి కిందపడింది. అలవాటు కొద్దీ పెడళ్లను వెనక్కి తిప్పింది. ఆ సైకిల్‌కి బ్రేకు పెడళ్లలోనే ఉంది, వెనక్కి తొక్కితే చక్రం పట్టేస్తుంది. అక్కడ ఇలాంటి సైకిళ్లు మామూలే. కానీ అద్దెకిచ్చినతను ఒక్క ముక్క చెప్పలేదు. మోకాలు గీరుకుపోయింది. ఖాళీ స్థలం చూసుకుని, ఆగడం, మళ్లీ బయల్దేరడం అరగంట సేపు నేర్పించాకే కదిలాం. పిల్లలతో వెళ్లేవాళ్లు మొదటి రోజు పొద్దున ఇంకే పనీ పెట్టుకోకండి.

జర్మనీలోని పసావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట సాగే ఈ సైకిల్ బాట దాదాపు 320 కిలోమీటర్లు. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా పోయే యూరోవెలో 6 అనే సైకిల్ మార్గంలో ఇదొక భాగం. నది పారే దిక్కుకే వెళ్తాం కాబట్టి ఎత్తులు పెద్దగా ఉండవు, గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. పెళ్లైన కొత్తలో మేమిద్దరం ఏడు రోజుల్లో పూర్తిచేశాం. ఇప్పుడు తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబుతో పది రోజులు పట్టింది, అదీ చివరి ముక్క వదిలేసి.

జంటగా వెళ్లినప్పుడు మాకు ఇబ్బంది దూరంతో రాలేదు, వేగంతో వచ్చింది. ఆయన ముందు, నేను వెనక. నేను చేరుకునేసరికి ఆయన అలసట తీరి మళ్లీ బయల్దేరేవారు, నాకు ఆగే వీలే ఉండేది కాదు. మూడో రోజుకి మా మధ్య మాటలే తగ్గిపోయాయి. మర్నాటి నుంచి నన్ను ముందు పెట్టి ఆయన వెనక వచ్చారు. అంతే, ప్రయాణం మారిపోయింది. ఇద్దరి బలంలో బాగా తేడా ఉంటే, నెమ్మదిగా తొక్కేవాళ్లకి ఈ-బైక్ తీసుకోండి. ఈసారి బాబు కూర్చునే ట్రైలర్‌ని, అంటే సైకిల్ వెనక లాగే చిన్న బండిని, మా ఆయన ఈ-బైక్‌కే తగిలించాం, ఎదురుగాలిలో కూడా ఇబ్బంది పడలేదు. ఆస్ట్రియాలో 12 ఏళ్లలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, ట్రైలర్లో కూర్చున్నవాళ్లకి కూడా.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ సామాను చేరవేసే సర్వీసు దగ్గర మాత్రం తగ్గించుకోవద్దు. పొద్దున పెట్టెలు రిసెప్షన్‌లో వదిలేస్తే సాయంత్రానికి తర్వాతి బసలో ఉంటాయి. మొదటిసారి అన్నీ క్యారియర్ మీద మోశాం. ఇద్దరికైతే అదొక సరదా. పిల్లలుంటే వానకోట్లు, నీళ్లు, పంక్చర్ సామానుకే సంచులు నిండిపోతాయి.

బస విషయంలో నేను నక్షత్రాలు చూడటం మానేశాను. తాళం వేసే సైకిల్ షెడ్డు ఉందా, తడిసిన బట్టలు ఆరేసుకోవచ్చా, బాట నుంచి ఎంత ఎక్కాలి అని మూడే అడుగుతాను. ఫొటోల్లో అందంగా కనిపించిన ఒక లాడ్జి గుట్ట మీదుంది. రోజంతా తొక్కి వచ్చిన పిల్ల ఆ ఎక్కుడు చూసి ఏడ్చేసింది. నది పక్కనే ఒక కుటుంబం నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లో మాత్రం, తడిసిన బూట్లలో కుక్కుకోమని పాత పేపర్లు మేం అడక్కుండానే తెచ్చిచ్చారు.

ష్లోగెన్ దగ్గర నది హెయిర్‌పిన్‌లా వెనక్కి తిరుగుతుంది. ఎడమ ఒడ్డున కొంతదూరం దారే లేదు, సైకిళ్లతో సహా చిన్న పడవ ఎక్కాలి. పిల్లలకి అదే పండగ. మౌట్‌హౌజెన్‌లో నాజీ నిర్బంధ శిబిరం స్మారకం ఉంది. మొదటిసారి ఇద్దరం వెళ్లి, ఆ పూట ఇక తొక్కలేకపోయాం. ఈసారి పిల్లలకి ఇంకా వయసు రాలేదని ఆగకుండా వచ్చేశాం.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వఖావ్ లోయ దాదాపు 36 కిలోమీటర్లు. జంటగా ఒక్క పూటలో దాటేశాం, ఇప్పటికీ బాధే. ఈసారి మూడు రోజులు ఉన్నాం. రాతి గట్ల మీద ద్రాక్షతోటలు, బాట పక్కన ఆప్రికాట్ చెట్లు. డ్యూర్న్‌ష్టైన్ కొండ మీద శిథిలమైన కోట. ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192 చలికాలంలో బంధించింది అక్కడే అని చెబితే మా అమ్మాయి పైదాకా పరుగున ఎక్కింది. ష్పిట్స్ దగ్గర నది దాటించే ఫెర్రీకి ఇంజినే లేదు. పైన కట్టిన తీగకి వేలాడుతూ, ప్రవాహం తోపుతోనే అవతలి ఒడ్డుకి చేరుతుంది. "అమ్మా, చప్పుడేదీ?" అని బాబు ఫెర్రీ నేలకి చెవి ఆనించి విన్నాడు. కింద నీళ్లు రాసుకుపోతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. మళ్లీ ఇటు వచ్చి, ఇంకోసారి అటు వెళ్లాం.

క్రెమ్స్ తర్వాత దారి తిన్నగా, ఒకేలా ఉంటుంది. జంటగా అయితే తొక్కండి. మధ్యలో జ్వెంటెన్‌డార్ఫ్ అణు కేంద్రం కనిపిస్తుంది. కట్టడం పూర్తయ్యాక 1978లో ప్రజాభిప్రాయ సేకరణలో జనం వద్దన్నారు, ఒక్కరోజూ నడవలేదు. పిల్లలతో అయితే క్రెమ్స్‌లో వియన్నా రైలెక్కేయండి. ట్రైలర్ మడిచి, చక్రాలు ఊడదీసి, రైలు రాకముందే సిద్ధంగా ఉండాలి. మేం ప్లాట్‌ఫాం మీదే ఆ పని మొదలుపెట్టి ఒక రైలు పోగొట్టుకున్నాం.