ఆరేళ్ళుగా నా పానాల సంచిలో ఉన్న మల్టీమీటర్

వోల్టులు, ఓమ్‌లు (కరెంటుకు వైరు ఇచ్చే అడ్డు) కొలిచే ఈ మీటర్‌ను కోఠి గుజరాతీ గల్లీలో మూడున్నర వేలు పెట్టి తెచ్చుకుని ఆరేళ్ళు దాటింది. నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల దిక్కు పొక్లెయిన్లు, టిప్పర్ల కరెంటు పని నాది. చెరువు పూడిక, కాలువ కట్ట, కంకర క్రషర్, ఎక్కడ బండి ఆగితే అక్కడికి బైకు మీద పోతాను. ఈ మీటర్‌తో నేను ఎక్కువగా పట్టుకున్నవి ఇంజన్ వేడి చెప్పే సెన్సర్ లైన్లలోని తప్పులు. ఆ పనికి ఇది ఎట్లా పనికొచ్చిందో అదే రాస్తున్నాను.

మే నెలలో మా దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. అప్పుడే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బజర్ కొడుతుంది, రేస్ ఎక్కుతలేదు" అంటాడు ఆపరేటర్. నేను పోయేసరికి ఓనర్ కొత్త సెన్సర్ తెప్పించి బిగించేసి ఉంటాడు. డాష్‌బోర్డు మీద తప్పు చెప్పే కోడ్ మాత్రం అట్లనే ఉంటుంది. నాకు ఈ అలవాటు మీద నిజంగా బాధ. నేను చూసిన బండ్లలో సెన్సర్ పోయినవి తక్కువ, కప్లరో (వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లగ్గు) వైరో చెడినవే ఎక్కువ.

ఆ సెన్సర్ లోపల ఉండేది వేడెక్కేకొద్దీ ఓమ్‌లు తగ్గే చిన్న ముక్క. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 320, 100 దగ్గర 190కి కాస్త అటూ ఇటూ ఉంటాయి. బండిని బట్టి పట్టిక మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి. ఇంజన్ కంప్యూటర్ ఒక రెసిస్టర్ మీదుగా 5 వోల్టులు పంపి, ఎంత మిగిలిందో చూసి వేడి లెక్క కడుతుంది. వైరు తెగితే మొత్తం 5 వోల్టులూ కనబడతాయి, ఇంజన్ గడ్డకట్టేంత చల్లగా ఉందనుకుంటుంది. వైరు బాడీకి తగిలితే సున్నా, కాగిపోతుందనుకుంటుంది. కోడ్‌లోనే సగం జవాబు ఉంటుంది: 110 అంటే ఇంజన్ నీళ్ళ వేడి లైను, దాని పక్కన 3 ఉంటే వోల్టేజి ఎక్కువ, 4 ఉంటే తక్కువ, 0 ఉంటే లైన్ బాగానే ఉంది, ఇంజన్ నిజంగానే కాగింది. ఆ 0 చూసి కూడా సెన్సర్ మార్చేవాళ్ళున్నారు. దయచేసి ముందు రేడియేటర్ చూడండి.

కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే రెండు పిన్నుల మధ్య 5 వోల్టులు రావాలి. పిన్నుకు, బాడీకి మధ్య 5 వచ్చి, రెండు పిన్నుల మధ్య రాకపోతే తిరుగు వైరు తెగినట్టే. రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే డాష్‌బోర్డు మీద వేడి పైకి లేవాలి. లేచిందంటే కంప్యూటర్, వైరు రెండూ బాగున్నాయి, అప్పుడు సెన్సర్‌ను అనుమానించవచ్చు. ఈ లైను మీద బల్బు టెస్టర్ మాత్రం పెట్టకండి, అది లాగే కరెంటు కంప్యూటర్ తట్టుకోలేకపోవచ్చు.

ఈ మీటర్ ఖరీదు మొత్తం ఒక్క రోజులో తీర్చిన పని దేవరకొండ దగ్గర చెరువు పూడికలో పడింది. "అన్నా, డాష్‌బోర్డుల 65 ఉంది, ఇక్కడ మూతకాడ నీళ్ళు తన్నుతున్నయ్" అన్నాడు పిల్లగాడు. బజర్ లేదు, కోడ్ లేదు. మీటర్‌తో వచ్చిన వేడి చూసే తీగను థర్మోస్టాట్ డబ్బా మీద కట్టాను. 98 చూపించింది. కప్లర్ తీసి సెన్సర్ కొలిస్తే 190 పైచిలుకు, సరిగ్గానే ఉంది. బ్యాటరీ తీసి, కంప్యూటర్ వైపు కప్లర్ కూడా విప్పి, వైరును ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే 300 ఓమ్‌లు! ఉండాల్సింది ఒక ఓమ్ లోపే. పిన్నును వైరుకు నొక్కిన చోట లోపల పచ్చటి చిలుం. కప్లర్ రబ్బరు ఎప్పుడో పోయింది, వాటర్ సర్వీసింగ్ చేసినప్పుడల్లా నీళ్ళు దిగాయి. ఆ 300, ఈ 190 కలిస్తే కంప్యూటర్‌కు 65 డిగ్రీలుగానే కనబడుతుంది. అందుకే రేస్ తగ్గించలేదు, బజర్ కొట్టలేదు. అసలు వేడికి కారణం వేరే: రేడియేటర్ జాలీ నిండా దుమ్ము, పక్క చేల పత్తి పోగులు. ఇంకో గంట నడిస్తే హెడ్ పోయేది. తెగిన వైరు కోడ్ వేసి చెప్తుంది, చిలుం పట్టిన వైరు చెప్పదు. నాకు భయం దానితోనే.

వచ్చిపోయే తప్పులకు ఈ మీటర్‌లోని మిన్-మ్యాక్స్ బటన్ మంచి ఆసరా, అన్నిటికంటే తక్కువ, ఎక్కువ వచ్చిన అంకెలను అది పట్టి ఉంచుతుంది. జడ్చర్ల దిక్కు ఒక క్రషర్‌లో బండి రోజుకు రెండుసార్లు ఊరికే వేడి చూపేది. కప్లర్ వెనక నుంచి సన్న సూది దించి, మీటర్ కట్టేసి, బండి పని చేస్తుండగా వైర్ల కట్టను చేత్తో ఊపుకుంటూ పోయాను. బ్రాకెట్ దగ్గర కదిపినప్పుడు ఒక వోల్టు ఉన్నది 0.02కి పడి అక్కడే నమోదైంది. టేపు విప్పితే వైరు మీద తొక్క లేదు. అయితే మరీ చిన్న అదురు ఈ మీటర్‌కు అందదు. కొలత హద్దును తానే మార్చుకునే ఆటో రేంజ్‌లో వదిలేస్తే అంకెలు వెతుక్కుంటూ ఉంటుంది, రేంజ్ బటన్ నొక్కి కట్టేసుకోవాలి.

ఇక నచ్చనివి. దానితో వచ్చిన లీడ్లు రెండో ఏటికే గట్టిపడి లోపల తెగాయి, సిలికాన్ లీడ్లు విడిగా కొన్నాను. ఎండలో తెర కనబడదు, తువ్వాల కప్పుకుని చూడాలి. 9 వోల్ట్ బ్యాటరీ నీరసిస్తే ఉన్నదానికంటే ఎక్కువ వోల్టేజి చూపిస్తుంది. ఒకసారి 24 వోల్టుల బండిలో 26 అనాల్సింది 31 అని, ఆల్టర్నేటర్ విప్పబోయి ఆగాను. ఇప్పుడు ప్రతి వేసవికి ముందు కొత్త బ్యాటరీ వేస్తాను. ఎర్ర లీడును 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి వోల్టేజి కొలిచి ఫ్యూజు కాల్చుకున్నదీ ఉంది. కొనేవాళ్ళు రెండు ఫ్యూజులు కూడా సంచిలో పడేసుకోండి, మన ఊళ్ళలో ఆ సైజు దొరకదు.