జేబులో ఏ చాకు? కట్టరా, మడత చాకా, మల్టీటూలా? ఆత్మరక్షణకైతే ఏది?

"రోజూ దగ్గరుంచుకోవడానికి ఒక చాకు కావాలి, అవసరమైతే ఆత్మరక్షణకీ అక్కరకు రావాలి." బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఉండే పిల్లలూ, రాత్రి బస్సు దిగి తెల్లవారుజామున మడివాళలో ఆటో కోసం నిలబడేవాళ్ళూ అడిగేది ఇదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ సామెత తిరగబడింది, ఒక్క కత్తిలో రెండు పనులు ఇమడవు. పార్సిల్ కోయడానికి తీరుగా ఉన్న చాకు మనిషికి ఎదురు నిలవదు. ఎదురు నిలవడానికని కొన్నది ఆఫీసు గేటు దాటదు. అందుకే రెండింటినీ విడదీసి చూడాలి.

ముందు రోజువారీ పని. అట్టపెట్టె టేపు, 20 లీటర్ల నీళ్ళ క్యాన్ మూతి మీది సీలు, జామకాయ, పురికొస, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు. తొంభై పాళ్ళు ఇంతే. వీటికి 6 నుంచి 8 సెంటీమీటర్ల బ్లేడు చాలు. పొడవుకన్నా మందం చూడాలి. వెన్ను దగ్గర 2 మిల్లీమీటర్లో, అంతకు తక్కువో ఉన్న బ్లేడు కోస్తుంది. ఆన్‌లైన్‌లో మిలటరీ రంగు పూసి అమ్మే 4 మిల్లీమీటర్ల దిమ్మ జామకాయలోకి సగం దిగి ఇరుక్కుంటుంది, ఇంకాస్త నొక్కితే కాయ పక్కలకి పగులుతుంది. ముక్క మాత్రం రాదు.

పార్సిళ్ళు విప్పడమే మీ పనైతే కట్టర్ కొనండి, చర్చ అక్కడితో సరి. మొన మొద్దుబారితే ఒక గీత దగ్గర విరిచేసి కొత్త అంచు తెచ్చుకునే ఈ పద్ధతిని 1956లో జపాన్‌లో ఓల్ఫా వ్యవస్థాపకుడు కనిపెట్టాడు. విరిచే చాక్లెట్ పలకే దానికి ప్రేరణ. 9 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడు రకం టేపుకి, కాగితానికి. 18 మిల్లీమీటర్లది మందపాటి అట్టకి. చేసే తప్పు ఒక్కటే, బ్లేడు చాలా బయటికి తీయడం. రెండు గీతలు దాటి బయటికొస్తే పక్కకి వంగి టప్పున విరుగుతుంది, ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. విరిచేటప్పుడు చేత్తో కాదు, ప్లయర్‌తో పట్టుకుని కిందికి వంచండి. విరిచిన ముక్కని చెత్తబుట్టలో ఊరికే పడేయకుండా పాత మాత్రల డబ్బాలో వేసి మూత పెట్టండి, చెత్త ఏరేవాళ్ళ చేతులు తెగవు. పండు కోయడానికి మాత్రం కట్టర్ వద్దు. బ్లేడుకి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, పిడి లోపల కడగడానికీ కుదరదు.

పండు, తీగ, స్క్రూ అన్నీ కావాలంటే స్విస్ చాకు, అంటే ఒకే పిడిలోకి చాలా పనిముట్లు మడతపడేది. విక్టోరినాక్స్ వాళ్ళ, మూసినప్పుడు 91 మిల్లీమీటర్లుండే స్పార్టన్ 60 గ్రాముల లోపే ఉంటుంది, జీన్స్ జేబులో ఉన్నట్టే తెలియదు. 58 మిల్లీమీటర్ల క్లాసిక్ తాళంచెవుల గుత్తికి. అందులో ఎక్కువగా వాడేది చాకు కాదు, చిన్న కత్తెర. ఈ చాకుల బ్లేడు స్టీలు కావాలనే మరీ గట్టిగా చేయరు, రాక్‌వెల్ కొలతలో సుమారు 56. పదును తొందరగా తగ్గుతుంది గానీ ఇంట్లో రాయి మీద ఐదు నిమిషాల్లో తిరిగొస్తుంది. బెంగళూరు వానల్లోనూ తుప్పు పట్టదు.

దీని లోపం ఎక్కడుందో చూడండి. చిన్న స్విస్ చాకులకి లాక్ ఉండదు, వెనకున్న స్ప్రింగు ఒత్తిడే బ్లేడుని నిలబెడుతుంది. కిందికి నొక్కి కోసినంతసేపూ ఫర్వాలేదు. నీళ్ళ క్యాన్ సీలు కింద మొన దూర్చి పైకి ఎగదోశారనుకోండి, బలం బ్లేడు వెన్ను మీద పడి చాకు మడతపడుతుంది. చూపుడువేలు అక్కడే ఉంటుంది. ఆసుపత్రిలో కుట్లు వేయించుకునే గాయాల్లో ఇదొక రకం. సీలుని ఎప్పుడూ మొనతో ఎత్తకండి, అంచుతో పక్కనుంచి గీయండి.

ఫ్రెంచి వాళ్ళ ఒపినెల్ దీనికి ఇంకో జవాబు. 1890 నుంచి చేస్తున్న చాకు ఇది. 1955లో మెడ దగ్గర తిప్పే ఇనుప రింగు చేర్చారు. రింగు తిప్పితే బ్లేడు మూయబడదు. 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, పలుచన. పండు కోయడంలో దీన్ని మించింది ఈ జాబితాలో లేదు. చిక్కల్లా చెక్క పిడితోనే. జూన్ నుంచి అక్టోబర్ దాకా గాలిలో తేమకి బీచ్ చెక్క ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, గోరుతో లాగినా రాదు. చెన్నైలో ఉన్నవాళ్ళకైతే ఏడాదంతా ఇదే గోల. కీలు దగ్గర రెండు చుక్కల కొబ్బరినూనె వేసి రాత్రంతా ఉంచితే కొంత వదులవుతుంది. కార్బన్ స్టీలు రకం పదును అద్భుతం. కానీ మామిడికాయ కోసి తుడవకుండా పెడితే పొద్దున్నకల్లా బ్లేడు నల్లబడుతుంది. ఊరికి దూరంగా హాస్టల్లో ఉంటూ చాకు కడగడం మర్చిపోయేవాళ్ళు స్టెయిన్‌లెస్ రకమే తీసుకోవాలి.

ఇక అందరి మనసూ లాగేది లైనర్ లాక్ అనే మడత చాకు. బొటనవేలితో ఒక్కచేత్తో తెరుచుకుంటుంది, లోపలి రేకు పక్కకి జరిగి బ్లేడు మడమని, అంటే పిడి వైపు చివరని, ఆపుతుంది. మంచిదైతే గట్టి పనిముట్టే. కొనేముందు చాకు తెరిచి ఆ రేకు బ్లేడు మడమ మీద ఎంత దూరం వచ్చిందో చూడండి. మడమ వెడల్పులో పావు నుంచి సగం దాకా వస్తే సరైనది. అంచుని మాత్రమే తాకుతుంటే జారిపోతుంది. అవతలి గోడ దాకా వెళ్ళిపోయిందంటే అరిగిపోయిందన్నమాట. తర్వాత వేళ్ళన్నీ బ్లేడు దారిలోంచి తీసేసి, పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నుని చెక్కబల్ల అంచుకి మెల్లగా నొక్కండి. కదిలితే తిరిగిచ్చేయండి. బెంగళూరు ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ మూడు నాలుగు వందలకి దొరికే పేరులేని నకళ్ళలో ఎక్కువ ఈ పరీక్షలోనే పోతాయి. బ్లేడు మీద అలలు అలలుగా ఉంటే పొరలు పొరలుగా సాగగొట్టిన డమాస్కస్ స్టీలని మురిసిపోకండి, చవక వాటిలో అది లేజరుతో గీసిన బొమ్మ.

ప్లయర్ ఉన్న మల్టీటూల్ గురించి ఒక్క మాట. బైకు మీద తిరిగేవాళ్ళకి, కంప్యూటర్లూ కేబుళ్ళూ బిగించేవాళ్ళకి ఇదే మేలు. జేబుకి మాత్రం బరువు, బ్యాగులోనే ఉండాలి.

పదును విషయం. 1000 గ్రిట్ (గరుకు కొలత) సానరాయి తడిపి, బ్లేడుని రాయికి 15 నుంచి 20 డిగ్రీల వాలులో, అంటే వెన్ను కింద రెండు మూడు రూపాయి బిళ్ళలు పట్టేంత ఎత్తులో పెట్టి లాగండి. అవతలి వైపు వేలికి సన్నటి గరుకు తగిలాక తిప్పి రెండోవైపు చేయండి. వీధిలో సానపట్టేవాళ్ళ చక్రానికి పలుచని చాకు ఇవ్వకండి. వేడికి అంచు నీలంగా మారిందంటే అక్కడ స్టీలు మెత్తబడిపోయినట్టే, ఎన్నిసార్లు సానపట్టినా వారంలో మొద్దుబారుతుంది.

చట్టం సంగతి ఎక్కువమంది తప్పుగా చెప్తారు. 2016 ఆయుధ నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాలకన్నా పొడవో, 2 అంగుళాలకన్నా వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల వర్గంలో చేర్చారు. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు. స్విస్ చాకు ఈ కొలతకి ఎంతో దూరం. అయినా అది ఎక్కడికైనా వస్తుందని కాదు. మెట్రో స్టేషన్లో, టెక్ పార్కు గేటులో, మాల్‌లో బ్యాగు స్కానర్ కింద పెడతారు. చాకు కనబడితే పక్కకి పిలుస్తారు, వదిలేసి వెళ్ళాల్సి రావచ్చు. విమానంలో చేతిసంచిలో వద్దు, చెకిన్ బ్యాగులో పెట్టండి. బటన్ నొక్కితే ఎగిరొచ్చే చాకు అసలు కొనకండి. బొమ్మలా కనిపించినా పోలీసు కంట్లో అది పండు కోసేది కాదు.

ఇప్పుడు రెండో పని. భయంతో చేతులు వణుకుతున్నప్పుడు గోరు గాడిలో పెట్టి బ్లేడు తీయడం కుదరదు. తీసినా, మడత చాకులకి ముందు అడ్డుపట్టీ ఉండదు, తడిచేయి జారి సొంత వేళ్ళే బ్లేడు మీదికి వెళ్తాయి. బలమైనవాడు లాక్కుంటే అది వాడి కత్తి. ఆ తర్వాత కేసు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, కానీ రక్షణకి కావలసినదానికన్నా ఎక్కువ హాని చేయకూడదని 37వ సెక్షన్ చెప్తుంది. ప్రమాదకర ఆయుధంతో గాయపరిస్తే 118(1) కింద మూడేళ్ళ దాకా జైలు. "పర్సు లాగబోతే పొడిచాను" అంటే ఎవరు ముందు, ఎంత అవసరం అన్నదంతా మీరే వివరించుకోవాలి.

అందుకని పెప్పర్ స్ప్రే మేలా? చాకుకన్నా మేలే, దూరంనుంచి పనిచేస్తుంది, చంపదు. కానీ ఇదీ ఆటవస్తువు కాదు. 2024లో ఒక కేసులో కర్ణాటక హైకోర్టు పెప్పర్ స్ప్రేని ప్రమాదకర ఆయుధంగానే చూసి, దాన్ని వాడినవాళ్ళ మీది కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ప్రాణానికి ముప్పు లేనిచోట వాడారన్నదే అక్కడి మాట. గొడవలో గెలవడానికి కాదు, తప్పించుకుని పరిగెత్తడానికే వాడాలి. ఎదురుగాలిలో కొడితే మీ కళ్ళే మండుతాయి, బస్సులో, లిఫ్టులో వద్దు. డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి, బైకు డిక్కీలో ఎండకి పెట్టకండి. కొన్నాక ఒకసారి మేడ మీద, గాలి వీపువైపు నుంచి వీస్తున్నప్పుడు అర సెకను నొక్కి చూడండి, నాజిల్ ఎటు చూస్తుందో తెలుస్తుంది.

ఒక్కళ్ళే రాత్రిపూట తిరిగేవాళ్ళకి వీటన్నిటికన్నా ముందు విజిల్, టార్చి, ఫోను. విజిల్‌కి చార్జింగు అక్కర్లేదు, ఏ గేటులోనూ ఆపరు, చేతికి పని తక్కువ. అది మెడలోనో బ్యాగు పట్టీకో ఉండాలి, అడుగున తువ్వాలు కింద కాదు. ఫోనులో అత్యవసర ఎస్‌ఓఎస్ సెట్ చేసుకుని, పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కితే పని చేస్తుందో ఇంట్లో ఉన్నప్పుడే సెట్టింగ్స్‌లో చూసుకోండి. నంబరు 112. మడివాళలో నాలుగున్నరకి దిగేవాళ్ళు ఆటో కోసం చీకటి మలుపులో కాకుండా టీకొట్టు వెలుతురులో నిలబడి, బండి నంబరు ఇంట్లోవాళ్ళకి పంపి ఎక్కండి. చాకు బ్యాగు అడుగున సబ్బు పెట్టె పక్కనే ఉండనివ్వండి, పొద్దున జామకాయ కోసుకోవడానికి.