పల్లి చెక్కా, పత్తి చెక్కా? కార్జం చూసి చెప్తున్నా

చెరువులో చేప పిల్లలు వదిలిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, మేతకు పత్తి చెక్క (గింజల నూనె తీయగా మిగిలే పిండి) వేయొచ్చా?" అడగడంలో తప్పు లేదు. వరంగల్ చుట్టూ పత్తే, చెక్క అగ్గువకు దొరుకుతుంది. పల్లి చెక్క ధర వింటేనే టెన్షన్. పైగా "మా బర్రెలు రోజూ తింటున్నాయి, చేపకేమైతది?" అంటారు.

తేడా అక్కడే ఉంది. పత్తి గింజలో గాసిపాల్ అనే విషం ఉంటుంది. బర్రె నెమరేసే జీవి, దాని మొదటి పొట్టలోనే ఆ విషం చాలావరకు కట్టుబడిపోతుంది. మన చెరువు చేపలు రవ్వకు, బొచ్చెకు, బంగారుతీగకు అసలు జీర్ణాశయమే లేదు. గొంతు దిగిన మేత నేరుగా పేగులోకి పోతుంది. అక్కడ ఒంటికి పట్టిన గాసిపాల్ కార్జంలో పేరుకుంటుంది.

అలాగని పల్లి చెక్క మంచిదని కళ్లు మూసుకుని వేయలేం. తేమ తగిలితే బూజు, బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం. అదీ కార్జాన్నే తింటుంది, ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయింది బూజు పట్టిన పల్లి పిండి తినే. అయితే ఆ రోజుల్లోనే అమెరికా హేచరీల్లో ట్రౌట్ చేపల కార్జాల్లో కేన్సర్ గడ్డలు వచ్చాయి. అక్కడి మేతలో ఉన్నది బూజు విషమెక్కిన పత్తి చెక్క. ట్రౌట్ మన చేపలకన్నా చాలా సున్నితం, నిజమే. కానీ పల్లి చెక్కకు బూజు భయం ఒక్కటే, దాన్ని నేను ఆపుకోగలను. పత్తి చెక్కకు ఆ భయంతో పాటు గింజతోనే పుట్టిన విషమూ ఉంది. అందుకే నేను పల్లి చెక్క వైపు.

పోయిన వానల్లో బస్తాలు గోడకానించి పెట్టాను. నెల రోజులు వేశాక అడుగు బస్తా విప్పితే చెక్క గడ్డకట్టి ఉంది, విరిస్తే లోపల పచ్చటి పొడి. భయమేసి ఒక రవ్వను కోశాను. చేప కార్జం మేక కార్జంలా ఒక ముద్దగా ఉండదు, పేగు చుట్టల మధ్య పరుచుకుని ముదురు ఎరుపులో కనిపించాలి. ఇది పాలిపోయి పసుపు తిరిగింది, వేలు తగిలితే చితికింది. మిగిలిన చెక్కంతా గుంట తీసి పూడ్చేశాను. ఇప్పుడు పదిహేను రోజులకు సరిపడానే తెచ్చి, బల్ల మీద, గోడకు దూరంగా పెడుతున్నాను. తవుడు కూడా నూనె తీసిందే, పచ్చి తవుడు నిల్వ ఉంటే ముక్కిపోయి కార్జానికి అదో దెబ్బ.

సోయా చెక్క బాగానే ఉంటుంది, పచ్చి సోయా గింజలు మాత్రం అరగవు. నీళ్ల మీద తేలే మేతకు డబ్బుంటే మంచిదే. కొర్రమీనుది మాంసం తినే కడుపు, దాని లెక్క వేరు.

చేతిలో డబ్బు ఆడక పత్తి చెక్క కలపక తప్పదంటే మొత్తం చెక్కలో నాలుగో వంతు దాటనివ్వకండి. గుడ్ల కోసం పెంచే తల్లి చేపలకైతే గుప్పెడు కూడా వద్దు.